మూలనపడ్డ ప్లాస్టిక్ వెల్డింగ్ మెషిన్లకి కొత్త పని: షెడ్డు నుంచి చెరువు గట్టు దాకా

2020లో మాస్కుల కోసం అల్ట్రాసోనిక్ మెషిన్లు కొన్నవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. కొందరు ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మరీ కొన్నారు. తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయి, మెషిన్ మీద గోనెపట్టా పడింది. 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్ల మీద దేశమంతటా నిషేధం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ప్రింటర్ల సంగతి అందరూ మాట్లాడారు కానీ, ఫ్లెక్సీ ముక్కల్ని అతికే వేడిగాలి మెషిన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇక కాంట్రాక్టు అయిపోయాక గోడౌన్‌లో పడేసిన పైపు జాయింటింగ్ మెషిన్లు, మూతపడ్డ ఫ్యాక్టరీ వేలంలో తూకం లెక్కన వచ్చిన హాట్ ప్లేట్ మెషిన్లు సరేసరి.

ఇలాంటి మెషిన్లని విప్పి, తుడిచి, మళ్లీ నడిపించడం నేను చాలాకాలంగా చేస్తున్న పని. అందులో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటుంది. మెషిన్ ఏ వస్తువు కోసం కొన్నామన్నది పూర్తిగా పక్కనపెట్టాలి. అది ఏ ప్లాస్టిక్‌ని కరిగించగలదు, ఎంత వెడల్పు అతుకు వేస్తుంది, దాన్ని పొలం దాకా మోసుకెళ్లగలమా అన్న మూడు ప్రశ్నలకి జవాబు దొరికితే కొత్త పని దానంతటదే కనిపిస్తుంది. మాస్క్ మెషిన్‌ని మాస్క్ మెషిన్‌గానే చూస్తే పాత ఇనుము వ్యాపారి తప్ప ఎవరూ గుర్తుకురారు. సన్నటి పీపీ (పాలీప్రొపిలీన్) బట్టని దారం లేకుండా కుట్టే మెషిన్ అని చూస్తే అరటితోట గుర్తొస్తుంది.

మొదటి అడుగు: మీ దగ్గర ఉన్నది అసలు ఏ రకం?

వేడిగాలి రకంలో చేత్తో పట్టుకునే హాట్ ఎయిర్ గన్, చక్రాల మీద దానంతటదే నడిచే సీమ్ మెషిన్ రెండూ వస్తాయి. గాలి వేడెక్కి ప్లాస్టిక్ పైపొరని కరిగిస్తుంది, రోలరు నొక్కుతుంది. చేతి గన్‌లు ఎక్కువగా 1,600 వాట్ల దగ్గర ఉంటాయి, అంటే గంటకి యూనిట్‌న్నర పైచిలుకు కరెంటు. అన్నిటికన్నా ఎక్కువ పనులకి పనికొచ్చేది ఇదే. దీన్ని మాత్రం అమ్మొద్దు.

హాట్ వెడ్జ్ మెషిన్‌లో రెండు షీట్ల మధ్య వేడి లోహపు నాలుక ఒకటి జారుతూ వెళ్తుంది, వెనకే రోలర్లు నొక్కుతాయి. మంచి మెషిన్ అయితే పక్కపక్కనే రెండు అతుకులు వేసి, మధ్యలో సన్నటి ఖాళీ దారి వదులుతుంది. ఆ దారి ఎందుకో చెరువు లైనింగ్ దగ్గర చెబుతాను.

బట్ ఫ్యూజన్ మెషిన్ హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిన్ పైపుల్ని కొసకి కొస కలుపుతుంది. ఫ్యాక్టరీల్లో బ్యాటరీ డబ్బాల మూతలు అతికే హాట్ ప్లేట్ మెషిన్ కూడా ఇదే కుటుంబం.

అల్ట్రాసోనిక్ మెషిన్ ఎక్కువగా 20 కిలోహెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. బయటి వేడి ఉండదు. హారన్, అంటే కంపించే లోహపు కొస కింద పడ్డ ప్లాస్టిక్ పొరలు ఆ కంపనానికి తమలో తామే వేడెక్కి అతుక్కుంటాయి.

హై ఫ్రీక్వెన్సీ మెషిన్, అంటే 27.12 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ప్రెస్సు. పీవీసీ ఫైళ్లు, పౌచ్‌లు, గాలి బొమ్మలు చేసే షెడ్లలో కనిపిస్తుంది. పీవీసీ అణువులో విద్యుదావేశం ఒకవైపు మొగ్గి ఉంటుంది కాబట్టి విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా ఆ అణువు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగులాటే వేడి అవుతుంది. పాలిథిన్‌కీ పీపీకీ ఆ గుణం లేదు. వాటిని ఈ మెషిన్‌లో రోజంతా పెట్టినా అతకవు. ఇది తెలియక మెషిన్ చెడిపోయిందనుకుని తెగనమ్మినవాళ్లని చూశాను.

రెండో అడుగు: ప్లాస్టిక్‌ని గుర్తుపట్టడం

ఇక్కడ తొందరపడకండి. ఈ పనిలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. ఒక జాతి ప్లాస్టిక్ ఆ జాతితోనే కలుస్తుంది. హెచ్‌డీపీఈకి హెచ్‌డీపీఈ, పీపీకి పీపీ, పీవీసీకి పీవీసీ. రెండూ కరిగి ఒకదానిమీద ఒకటి కూర్చున్నంత మాత్రాన కలిసినట్టు కాదు. తొలిరోజుల్లో ఒక రైతు చెరువు లైనింగ్‌కి చిరుగు పడితే, చేతిలో ఉన్న ఫ్లెక్సీ ముక్క వేసి అతికాను. నల్ల షీటు హెచ్‌డీపీఈ, ఫ్లెక్సీ పీవీసీ. ఆ సాయంత్రం గట్టిగానే ఉంది. నీళ్లు నింపిన వారానికి ప్లాస్టర్‌లా ఊడొచ్చింది. ఆ రైతు కోల్పోయిన నీళ్లకి లెక్క కట్టలేను. అప్పటినుంచి ఏ షీటు ముట్టుకున్నా ముందు ఈ పరీక్షలు చేస్తున్నాను.

ముందు అచ్చు గుర్తు చూడండి. మూడు బాణాల త్రికోణంలో 2 ఉంటే హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ (మెత్త రకం పాలిథిన్), 5 పీపీ. 7 ఉంటే అది ఏదైనా కావచ్చు, ఆ అంకెని నమ్ముకోవద్దు.

గుర్తు లేకపోతే గోరంత ముక్క కోసి నీళ్లలో వేయండి. పాలిథిన్, పీపీ తేలతాయి. పీవీసీ, ఏబీఎస్ (హెల్మెట్లు చేసే గట్టి ప్లాస్టిక్), పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) మునుగుతాయి. ముక్కకి గాలి బుడగలు అంటుకుంటే మునిగేది కూడా తేలుతుంది కాబట్టి, ముందు సబ్బు నీళ్లలో వేలితో రుద్ది వేయండి. సుద్ద కలిపిన పీపీ వస్తువులు మునగొచ్చు. అందుకే ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

తేలిన ముక్కని పట్టకారుతో పట్టుకుని బయట, గాలి ఆడేచోట కొంచెం అంటించండి. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తే అది పాలిథిన్ లేదా పీపీ. గోరు గుచ్చితే గీత పడేది పాలిథిన్, గట్టిగా నిలబడేది పీపీ. మునిగిన ముక్క పీవీసీనా కాదా తేల్చుకోవాలంటే రాగి తీగని ఎర్రగా కాల్చి, ముక్కకి తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే దాదాపు పీవీసీ. ఆ పొగ పీల్చొద్దు. చిన్నపిల్లలున్న ఇంటి వరండాలో ఈ పరీక్ష చేయొద్దు.

మూడో అడుగు: పడుకున్న మెషిన్‌ని లేపడం

ఏళ్లతరబడి మూలన ఉన్న మెషిన్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ముందు మూత విప్పి ఎలుకలు కొరికిన వైర్లు చూడండి. ఎర్తింగ్ వైరు బాడీకి గట్టిగా అంటి ఉందా, ప్లగ్గులో మూడో పిన్ను ఉందా చూడండి. గన్‌లో ఎలిమెంట్ (గాలిని వేడిచేసే తీగ) చుట్టూ ఉండే పింగాణీ పగిలిందేమో టార్చి వేసి చూడాలి. మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగితే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే ఎలిమెంట్ కాలిపోతుంది. బ్రష్‌ల జత ఖర్చు ఎలిమెంట్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. అనుమానముంటే మార్చేయండి.

హై ఫ్రీక్వెన్సీ మెషిన్ మూత మాత్రం మీరు విప్పొద్దు. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది. దాన్ని బాగుచేయడం తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లని ఆ గదిలోకి రానివ్వద్దు.

తర్వాత అసలైన పరీక్ష. డయల్ మీద 300 అని ఉంటే నాజిల్ లోపల నిజంగా 300 ఉందా? థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. దాని కొసని నాజిల్ నోట్లో 5 మి.మీ. లోపల పెట్టి, గన్‌ని ఐదు నిమిషాలు నడిపి చదవండి. పాత గన్‌లలో డయల్‌కీ నిజానికీ 40, 50 డిగ్రీల తేడా నాకు మామూలుగానే కనిపిస్తుంది. ఆ తేడాని పెయింట్ మార్కర్‌తో గన్ మీదే రాసేయండి.

ఇంకో సంగతి కరెంటు. షెడ్డులో బ్రహ్మాండంగా అతికిన మెషిన్ పొలంలో అతకదు, ఎందుకో అర్థంకాక టెన్షన్ పడతాం. పొలం చివరి మోటారు లైన్‌లో 230 వోల్టుల బదులు 180 వస్తే ఎలిమెంట్‌కి అందే శక్తి 61 శాతానికి పడిపోతుంది. వోల్టేజీ తగ్గినదానికన్నా వేడి ఎక్కువగా తగ్గుతుంది. పొడవాటి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కూడా ఇదే పని చేస్తుంది. బయట పనికి వెళ్లేటప్పుడు మెషిన్ వాట్లకి రెట్టింపు సామర్థ్యమున్న జనరేటర్, మందపాటి వైరు తీసుకెళ్లండి.

నాలుగో అడుగు: వేడి, వేగం, ఒత్తిడి కుదుర్చుకోవడం

మొదలుపెట్టడానికి కొన్ని అంకెలు ఇస్తున్నాను. చేతి గన్, గుండ్రటి నాజిల్, అతుకులో కరిగించి నింపే ప్లాస్టిక్ రాడ్డుతో అతికేటప్పుడు హెచ్‌డీపీఈకీ పీపీకీ గాలి వేడి 300 డిగ్రీల దగ్గర, గట్టి పీవీసీకి 330 నుంచి 350 మధ్య. పీవీసీ పూత ఉన్న టార్పాలిన్‌ని వెడల్పు నాజిల్‌తో అతికేటప్పుడు 450 నుంచి 550 దాకా వెళ్లాలి, ఎందుకంటే అక్కడ చెయ్యి వేగంగా కదులుతుంది. చెరువు షీట్లకి హాట్ వెడ్జ్ 350 నుంచి 420 మధ్య, నిమిషానికి రెండు మీటర్ల వేగం. పైపుల బట్ ఫ్యూజన్ ప్లేటు 200 నుంచి 220 మధ్య.

ఈ అంకెల్ని పట్టుకుని నేరుగా ఆర్డర్ మీద పని మొదలుపెట్టకండి. ఎండ, గాలి, షీటు మందం మారినప్పుడల్లా ఇవి మారతాయి. పొద్దున 7 గంటలకి కుదిరిన వేగం మధ్యాహ్నం 2 గంటలకి షీటుని కాల్చేస్తుంది. అందుకే రోజుకి రెండుసార్లు, పని మొదలెట్టే ముందు ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి, అదే షీటు ముక్కల మీద మీటరు పొడవు అతుకు వేయండి. బాగా చల్లారాక అంగుళం వెడల్పు పట్టీలు కోసి, రెండు కొసలూ పట్టకారులతో లాగండి. షీటు సాగి చిరగాలి, అతుకు విడిపోకూడదు. అతుకు అంచు వెంబడి శుభ్రంగా ఊడొస్తే వేడి చాలలేదు, లేదా మురికి ఉంది. అతుకు పక్కనే పెళుసుగా తెగితే వేడి ఎక్కువైంది. పీవీసీ గోధుమరంగుకి తిరిగి, ముక్కు మండే పొగ వస్తే అది కాలిపోతోందన్నమాట. ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి ఉంటుంది, ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మెషిన్ లోహాన్నీ తినేస్తుంది. ఫ్యాను మీ వెనక కాకుండా పక్కనుంచి వీచేలా పెట్టుకోండి. పని అయ్యాక గన్‌ని టక్కున ఆపేయకుండా వేడి తగ్గించి, రెండు మూడు నిమిషాలు చల్లగాలి పోనివ్వండి. ఎలిమెంట్లు ఎక్కువగా పోయేది అలా టక్కున ఆపినప్పుడే.

ఐదో అడుగు: ఏ మెషిన్‌కి ఏ పని

*హాట్ వెడ్జ్ మెషిన్ ఉంటే చెరువు లైనింగ్.* రాయలసీమలో, దక్షిణ తెలంగాణలో నీటికుంట తవ్వితే ఎర్రనేల నీళ్లని నిలవనివ్వదు. భీమవరం వైపు రొయ్యల నర్సరీ చెరువులకి లైనింగ్ వేరే కారణానికి కావాలి. అడుగు బురద శుభ్రం చేయడం తేలికవుతుంది, గట్లు కోసుకుపోవు. నీటికుంటలకి ఎక్కువగా వాడేది 500 మైక్రాన్ల షీటు. నేసిన హెచ్‌డీపీఈ లామినేటెడ్ షీటుకైతే భారతీయ ప్రమాణం ఐఎస్ 15351 గుర్తు ఉందో లేదో చూడండి.

ఒక లెక్క చేద్దాం. పైన 20 మీటర్లు, 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, గట్టు వాలు ఒకటికి ఒకటిన్నర, అంటే మీటరు లోతుకి మీటరున్నర పక్కకి. అడుగున 11 మీటర్లు మిగులుతుంది. ఒక్కో వాలు పొడవు 5.4 మీటర్లు. గట్టు మీద షీటు అంచుని పాతిపెట్టే కాలవ కోసం రెండువైపులా ఒక్కో మీటరు. అన్నీ కలిపితే 23.8 మీటర్లు. 6 మీటర్ల వెడల్పు రోల్స్ నాలుగు పరిస్తే 24 వస్తుంది కదా అనుకుంటాం. మూడు అతుకులకీ 10 సెంటీమీటర్ల చొప్పున ఒకదానిమీద ఒకటి ఎక్కించాలి, 30 సెంటీమీటర్లు అక్కడే పోతాయి, 23.7 మిగులుతుంది. 10 సెంటీమీటర్లు తక్కువ! కాలవ దగ్గర సర్దుకోవచ్చు కాబట్టి ఈసారి గట్టెక్కాం. తవ్వకం అయ్యాక టేపు మీరే పట్టుకుని కొలవండి, రైతు నోటి లెక్క మీద షీటు ఆర్డర్ పెట్టొద్దు.

మూడు అతుకులు, ఒక్కోటి 24 మీటర్లు, మొత్తం 72 మీటర్లు. నిమిషానికి 2 మీటర్ల వేగంతో మెషిన్ నడిచేది 36 నిమిషాలే. మిగతా రోజంతా రాళ్లు ఏరడం, షీటు పరవడం, అంచులు పొడిబట్టతో తుడవడం, గాలి పరీక్ష. ఆ 36 నిమిషాలు చూసి రేటు చెప్పినవాడు మొదటి సీజన్‌లోనే మానేస్తాడు.

గాలి పరీక్ష అంటే, రెండు అతుకుల మధ్య వదిలిన దారి ఉంది కదా, దాని రెండు కొసలూ మూసి, సూది గొట్టంతో సైకిల్ పంపు పెట్టి సుమారు 2 బార్ దాకా గాలి కొట్టండి. ఐదు నిమిషాలు ఆగండి. గేజ్ ముల్లు దాదాపు అక్కడే ఉంటే, అవతలి కొసలో కత్తితో గాటు పెట్టండి. గాలి బుస్సుమని రావాలి. రాకపోతే దారి మధ్యలో ఎక్కడో మూసుకుపోయిందన్నమాట, అంటే మీరు పరీక్షించింది సగం అతుకునే. ఈ చివరి గాటు చాలామంది పెట్టరు. షీటు పల్చగా ఉండి దారి ఉబ్బి సాగుతుంటే ఒత్తిడి తగ్గించుకోండి.

*ఫ్లెక్సీ అతికే వేడిగాలి మెషిన్ ఉంటే బరకాలు, తొట్లు.* ఈ మెషిన్‌కి తెలిసింది పీవీసీ పూత బట్ట. కాబట్టి లారీల పైకప్పు టార్పాలిన్లు, పశువుల కొట్టానికి పక్క పరదాలు, బయోఫ్లాక్ పద్ధతిలో చేపలు పెంచే తొట్లు. 4 మీటర్ల వ్యాసం తొట్టిలో మీటరు లోతు నీళ్లు పోస్తే పన్నెండున్నర వేల లీటర్లు, అంటే పన్నెండున్నర టన్నులు. చుట్టూ ఇనుప మెష్ ఆ బరువుని కాస్తుంది కానీ, అడుగు గుండ్రానికీ గోడకీ మధ్య అతుకు మీదే అసలు కష్టం పడుతుంది. 550 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కన్నా పల్చటి బట్ట తీసుకోవద్దు, అతుకు కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి, ఆ మూల దగ్గర ఇంకో పట్టీ అదనంగా వేయండి. మొదటి తొట్టిని మీ షెడ్డు ముందే నిలబెట్టి, నింపి, మూడు రోజులు వదిలేసి చూడండి.

వాడేసిన ఫ్లెక్సీలని అతికి అమ్మడం గురించి చాలామంది అడుగుతారు. కట్టెల మీద, ఇటుకల మీద, ఇసుక మీద కప్పడానికి నిక్షేపంగా పనికొస్తాయి. కానీ గుంటూరు కల్లాల్లో మిర్చి ఆరబెట్టడానికీ, వడ్లు పరవడానికీ మాత్రం ఇవ్వకండి. ఆ సిరా, పీవీసీని మెత్తబరిచే రసాయనాలు ఎండకి బయటికొస్తాయి. తినే పంటకి కొత్త పాలిథిన్ పట్టాలే వాడాలి. దీని మీద నేను ఏ రేటుకీ ఒప్పుకోను.

వెర్మీకంపోస్ట్ బెడ్లు, అజొల్లా గుంతల షీట్లు చిన్న ఆర్డర్లయినా తరచూ వస్తాయి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు బెడ్డుకి అడుగు 48, పక్కలు 64, మొత్తం 112 చదరపు అడుగుల షీటు, మడతలు అదనం. ఇవి హెచ్‌డీపీఈ బట్టతో చేస్తారు కాబట్టి ఫ్లెక్సీకి పెట్టిన వేడి తగ్గించి, కొత్తగా వేగం కుదుర్చుకోవాలి.

*చేతి గన్ ఒక్కటే ఉంటే రిపేర్లు.* వేసవిలో మేడ మీది నీళ్ల ట్యాంకులు పగులుతాయి. అవి ఎక్కువగా ఎల్ఎల్‌డీపీఈ, పాలిథిన్‌లోనే ఇంకో రకం, అదే రకం రాడ్డు కావాలి. ట్యాంకు ఖాళీ చేసి, ఆరబెట్టి, పగులు రెండు కొసల్లోనూ చిన్న బెజ్జం వేయండి. లేకపోతే మీరు ఒకవైపు అతుకుతుంటే అది ఇంకోవైపు పాకుతుంది. పగులు వెంబడి వీ ఆకారంలో గాడి గీయండి. ఎండకి పాలిపోయిన పైపొరని బ్లేడుతో తాజా రంగు కనిపించేదాకా గీకాలి. అతికేది ఆ గీకిన వెంటనే. ముందురోజు గీకి మర్నాడు అతికితే లాభం లేదు. గన్‌ని రాడ్డుకీ గాడికీ మధ్య లోలకంలా ఊపుతూ, రెండూ మెరుపు తేలాక రాడ్డుని నిలువుగా నొక్కుతూ పోండి. తాగునీటి ట్యాంకుకి ఎక్కడివో పాత డబ్బాలు కోసి రాడ్డుగా వాడొద్దు. అందులో ముందు ఏముండేదో మనకి తెలియదు.

చేపల క్రేట్లు, స్ప్రే ట్యాంకులు, కారు బంపర్లు కూడా ఇలాగే. బంపర్ వెనక ఏ ప్లాస్టిక్కో రాసే ఉంటుంది. పెట్రోలు, డీజిలు, పురుగుమందు ఉన్న డ్రమ్ముల మీద మాత్రం గన్ పెట్టకండి, కడిగామని చెప్పినా సరే.

*మాస్కుల అల్ట్రాసోనిక్ మెషిన్ ఉంటే తోటల కవర్లు.* ముందుగా అందరికీ తట్టేది నాన్ ఓవెన్, అంటే నేయకుండా తయారుచేసిన బట్టతో సంచులు. చేయొచ్చు, కానీ 2021 సెప్టెంబర్ 30 నుంచి 60 జీఎస్ఎం కన్నా పల్చటి నాన్ ఓవెన్ క్యారీ బ్యాగులు చట్టవిరుద్ధం. పైగా ఆ మార్కెట్‌లో పెద్ద ఆటోమేటిక్ మెషిన్లతో పోటీ. నా సలహా పులివెందుల, అనంతపురం వైపు చూడమని. ఎగుమతి చేసే అరటి గెలలకి మచ్చ పడకుండా సన్నటి నాన్ ఓవెన్ తొడుగులు వేస్తారు. 17 జీఎస్ఎం ప్రాంతంలో ఉండే బట్ట అది. దానిమ్మ చెట్లకీ, పుచ్చ సాళ్లకీ కూడా ఇలాంటి కప్పులే. మాస్క్ చెవి తాళ్ల కోసం పెట్టిన చిన్న హారన్ ఇక్కడ పనికిరాదు. రోలరుతో పొడవాటి కుట్టు వేసే లేస్ మెషిన్ అయితే నేరుగా సరిపోతుంది. పల్చటి బట్టకి కంపనం తగ్గించండి, లేకపోతే కుట్టు వెంబడి బెజ్జాలు పడతాయి. బట్ట కొనేటప్పుడు ఎండకి తట్టుకునే రకం అని బిల్లు మీద రాయించుకోండి. మాస్కులకి మిగిలిపోయిన బట్ట వాడితే గెల కోతకి రాకముందే పొడి అయిపోతుంది. నూలు బట్టని ఈ మెషిన్ అతకదు, పాలిస్టరో పీపీయో ఎక్కువ భాగం ఉండాలి.

*బట్ ఫ్యూజన్, హాట్ ప్లేట్ మెషిన్లు ఉంటే* పైపులు ఎలాగూ ఉన్నాయి. ఊళ్లలో తాగునీటి లైన్లు, ఎత్తిపోతల పైపులు తెగినప్పుడు మెషిన్‌ని రోజు అద్దెకి అడుగుతారు. మెషిన్‌తోపాటు మనిషిని కూడా పంపండి, ఒంటరిగా ఇస్తే వేడి ప్లేటు మీది టెఫ్లాన్ పూత గీతలతో తిరిగొస్తుంది. కలిపాక పైపుని ఒత్తిడిలోనే చల్లారనివ్వాలి, గోడ మందం ప్రతి మిల్లీమీటరుకీ నిమిషంన్నర దాకా. నీళ్లు చల్లి తొందరపెట్టకూడదు. ఫ్యాక్టరీ హాట్ ప్లేట్ మెషిన్‌కైతే పాత అచ్చులు తీసేసి, వేడి పట్టీని షీటు వంచడానికి వాడుకోవచ్చు. పీపీ, హెచ్‌డీపీఈ షీట్లు వంచి, మూలలు చేతి గన్‌తో అతికితే ఆమ్లం తొట్లు, కాకినాడ, విశాఖ తీరంలోని హేచరీలకి చిన్న తొట్లు తయారవుతాయి.

*హై ఫ్రీక్వెన్సీ ప్రెస్సు ఉంటే* పీవీసీ పనులు తప్ప వేరే దారి లేదు. టార్పాలిన్ల మూలలకి పట్టీలు, కిటికీ పారదర్శక కర్టెన్లు, కవర్లు చేయొచ్చు. రోజుకి నాలుగు గంటల పని కూడా దొరక్కపోతే దీన్ని అమ్మేయడమే మేలు.

ఆరో అడుగు: నేర్చుకోవడం, రేటు చెప్పడం

చేతి పని వీడియోలు చూస్తే రాదు. హైదరాబాద్ చర్లపల్లిలో, విజయవాడ దగ్గర సూరంపల్లిలో సీపెట్ కేంద్రాలున్నాయి. ప్లాస్టిక్ పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. శిక్షణతోపాటు ప్లాస్టిక్‌ని పరీక్షించే ల్యాబులు కూడా అక్కడ ఉంటాయి. పెద్ద చెరువు ఆర్డర్ తీసుకునే ముందు మీ అతుకు ముక్కని ఒకసారి పరీక్ష చేయించుకుంటే, తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. చిన్న పరిశ్రమలకి ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. దానికి మధ్యవర్తికి డబ్బులు ఇవ్వకండి.

రేటు మీటరు లెక్కన చెప్పండి కానీ, ఆ మీటరు రేటు రోజు ఖర్చు నుంచి పుట్టాలి. ఇద్దరు మనుషుల కూలి, జనరేటర్ డీజిలు, బండి, రాడ్డు, తరుగు కలిపి రోజుకి 6,000 రూపాయలు అనుకుందాం. పైన చెప్పిన 72 మీటర్ల చెరువుకి రోజు పడితే మీటరుకి 83 రూపాయలు మీ చేతి నుంచి పోయేదే. లాభం ఆ పైన. పక్కవాడు 40కి చేస్తానన్నాడంటే గాలి పరీక్ష మానేశాడని అర్థం.

పనుల కాలం కూడా చూసుకోండి. చెరువు లైనింగ్ వానలు పడకముందు, మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా. ట్యాంకుల రిపేర్లు వేసవిలో. బరకాలు వరి కోతల ముందు, మళ్లీ మిర్చి కోతల ముందు. లారీ టార్పాలిన్లు వానాకాలానికి నెల ముందు. చేతిలో గన్, వెడ్జ్ మెషిన్ రెండే ఉన్నా ఏడాదిలో ఎక్కువ నెలలు పని ఉంటుంది.

చివరి అడుగు: అతుకు ముక్క ఇవ్వడం

ప్రతి పనిలోనూ పరీక్ష కోసం వేసిన అతుకు నుంచి చెయ్యంత ముక్క కోయండి. దాని మీద మార్కర్‌తో తేదీ, వేడి, వేగం, షీటు మందం రాసి, అతుక్కి అడ్డంగా రెండుగా కోయండి. ఒక సగం రైతుకి ఇచ్చి బిల్లుతో కలిపి దాచుకోమని చెప్పండి. రెండో సగం మీ నోటు పుస్తకంలో పిన్ను కొట్టి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఆ చెరువు కారుతోందని ఫోన్ వస్తే, ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి లాగి చూడండి. ముక్క ఇంకా పట్టి ఉంటే వెతకాల్సింది అతుకులో కాదు, అడుగున మిగిలిపోయిన రాయి దగ్గర. ముక్క ఊడొస్తే చెరువు ఖాళీ చేయించి, మొత్తం అతుకు మీ ఖర్చుతో మళ్లీ వేయండి.